జర్నల్ లాక్ చేతిలో ఉండగా మెమరీ అడిగితే డెడ్‌లాక్: నోఫ్స్ హద్దు ఎక్కడ పెట్టాలి?

లినక్స్ కెర్నల్ కోసం ఒక ఫైల్ సిస్టమ్ మాడ్యూల్ రాస్తున్నాను. ఖాళీ మెమరీ నిండుకున్నప్పుడు మాత్రమే అది బిగుసుకుపోతోంది. స్టాక్ ట్రేస్‌లో కారణం కనిపిస్తూనే ఉంది. జర్నల్ లాక్ (మార్పుల చిట్టాను కాపాడే తాళం) పట్టుకున్న థ్రెడ్, డైరెక్టరీ బ్లాకు కోసం మెమరీ కేటాయించే కేమాలాక్‌ను మామూలు జీఎఫ్‌పీ_కెర్నల్ గుర్తుతో పిలుస్తోంది. పేజీలు దొరక్క కెర్నల్ అక్కడికక్కడే రీక్లెయిమ్‌కు (మెమరీని వెనక్కి రాబట్టుకోవడానికి) దిగి, వాడని ఐనోడ్‌లను (ఫైళ్ల వివరాల రికార్డులను) వదిలించుకోమని నా ఫైల్ సిస్టమ్‌నే అడుగుతోంది. వదిలించుకోవాలంటే మళ్లీ అదే జర్నల్ లాక్ కావాలి. ఇంకేముంది, ఆ థ్రెడ్ తన కోసం తానే ఎదురుచూస్తూ కూర్చుంటుంది!

ప్రతి కేటాయింపునూ జీఎఫ్‌పీ_నోఫ్స్‌గా (రీక్లెయిమ్‌లో ఫైల్ సిస్టమ్‌ను పిలవొద్దనే గుర్తు) మార్చేయమని కొందరు అంటారు. నాకది మొరటు వైద్యంలా తోస్తుంది. ఈ కేటాయింపులు చేసే సహాయక ఫంక్షన్లను లాక్ లేని దారులు కూడా వాడుకుంటాయి, అక్కడ రీక్లెయిమ్ చేతులు కట్టేయడం ఎందుకు? 4.12 వెర్షన్‌లో వచ్చిన మెమ్‌అలాక్_నోఫ్స్_సేవ్, రీస్టోర్ జంటే నయం: ఆ రెంటి మధ్య ఆ థ్రెడ్ చేసే కేటాయింపులన్నీ నోఫ్స్ అవుతాయి. ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్, ఎక్స్‌టీ4 వాడే జర్నల్ పొర జేబీడీ2 లావాదేవీ మొదట్లోనే ఆ హద్దు పెడతాయి.

అయితే నా చెక్‌పాయింట్ థ్రెడ్ (జర్నల్‌లోని మార్పులను అసలు చోట రాసేది) ఏ లావాదేవీ లేకుండానే జర్నల్ లాక్ పట్టుకుంటుంది. అందుకని హద్దును లాక్ తీసుకునే ఫంక్షన్‌లోనే పెట్టడం మంచిదా? లాక్ ఒక ఫంక్షన్‌లో పట్టి మరోదాంట్లో వదిలే చోట్ల, సేవ్ తిరిగిచ్చిన పాత విలువను ఎక్కడ దాచాలి?

ఇంకొకటి. సేవ్ పెట్టే ఈ నోఫ్స్ గుర్తు దాన్ని పిలిచిన టాస్క్‌కే (థ్రెడ్‌కే) అంటుకుని ఉంటుంది కదా. బీ-ట్రీ (సూచిక చెట్టు) విభజనను వర్క్‌క్యూకు (వేరే కెర్నల్ థ్రెడ్‌తో పని చేయించే వరుసకు) అప్పగించి, లాక్ వదలకుండానే ఫలితం కోసం ఆగుతున్నాను. వర్కర్‌లో సేవ్ మళ్లీ పిలిచి, డబ్ల్యూక్యూ_మెమ్_రీక్లెయిమ్ (మెమరీ కరువులోనూ ఒక వర్కర్ దొరికేలా చూసే గుర్తు) కూడా పెడితే సరిపోతుందా, లేక లాక్ చేతిలో ఉండగా ఇలా ఆగడమే మానుకోవాలా? ఇలాంటి కోడ్ నడిపినవారు చెప్పగలరు.