రుద్రమదేవిని మగపిల్లాడిగా పెంచారన్న కథ జీవిత చరిత్రలో ఉండొచ్చా?

ఓరుగల్లు పాఠకురాలు

రుద్రమదేవి జీవిత చరిత్ర ఒకటి నిన్న రాత్రి చదవడం పూర్తయింది. పుస్తకంలో మూడో వంతు ఒకే కథ. కాకతీయ రాజు గణపతిదేవుడికి కొడుకులు లేరట, కూతుర్ని మగపిల్లాడిగా పెంచి లోకాన్ని నమ్మించాడట, చివరికి నిండు సభలో గుట్టు బయటపడిందట. నవలలో అయితే నాకు ఏ అభ్యంతరమూ లేదు. అట్ట మీద జీవిత చరిత్ర అని వేసి, ఇది ఊహ అని ఒక్క ముక్క కూడా చెప్పకపోవడమే నాకు బాధగా ఉంది.

ఆమెకు నిడదవోలు చాళుక్య వీరభద్రుడితో పెళ్లయింది. ముమ్మడమ్మ అనే కూతురు ఉంది. 1261 నాటి మల్కాపురం శాసనం ఆమెను గణపతిదేవుడి కూతురిగానే చెబుతోంది. 1262 నుంచి 1289 దాకా ఏలింది. మరి ఎవరి దగ్గర దాచినట్టు? కూతురే నా తర్వాత రాజు అని ఒక తండ్రి బాహాటంగా నిలబడ్డాడు. ఆ ధైర్యాన్ని తీసేసి, దాని బదులు ఒక మోసం పెడతారా?

మోటుపల్లి తీరం

నేను ఒప్పుకోను అక్కా. శాసనాల్లో ఆమె పేరు చాలాచోట్ల రుద్రదేవ మహారాజు అనే కదా ఉంది? ఆడపేరు మీద సామంతులు వంగి దండం పెట్టరనే ఆ పేరు పెట్టి ఉంటారు. పేరు మార్చినవాళ్లు వేషం మార్చలేదని ఎలా అంటాం? ఢిల్లీలో 1236లో గద్దెనెక్కిన రజియా కూడా మగవాళ్ల దుస్తుల్లోనే బయటికి వచ్చిందని ఆ కాలం చరిత్రకారుడే రాశాడు.

ఓరుగల్లు పాఠకురాలు

తమ్ముడూ, రజియా సంగతే చూడు. ఆమె ఆడది అని ఢిల్లీలో తెలియనివాళ్లు ఎవరు? ఆమె వేసుకున్నది సుల్తాను దుస్తులు, మారువేషం కాదు. రుద్రదేవ మహారాజు అన్నదీ అలాంటిదే. అది సింహాసనం పేరు. ఏలికకు ఉండాల్సిన దుస్తులు వేసుకుని కొలువు తీరింది అని రాస్తే నేను సంతోషంగా ఒప్పుకుంటాను. ఆడపిల్లని తెలియకుండా పెంచారు అన్నది వేరే మాట.

ఇద్దరు ఆడపిల్లల నాన్న

మీ ఇద్దరి మాటలూ చదివాను. నా గోడు కూడా వినండి. మా పెద్దమ్మాయి ఎనిమిదో తరగతి. చరిత్ర అంటే ఆమడ దూరం పారిపోయేది. ఆ మగవేషం కథ వల్లే మూడు రోజుల్లో పుస్తకం ముగించింది. శాసనాల్లో ఏముంటుందండీ? బిరుదులు, దానాలు, తేదీలు. వాటితో పిల్లలు చదివే పుస్తకం అవుతుందా?

శాసనాభిమాని

అవుతుందండీ. మల్కాపురం శాసనమే తీసుకోండి. గురువు విశ్వేశ్వర శివాచార్యుడికి మందరం, వెలంగపూడి గ్రామాలు ఇచ్చిన శాసనం అది. మందరం అంటే ఇప్పటి మందడం, వెలంగపూడి అంటే వెలగపూడి. ఇవాళ ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఉన్న ఊరు! దాన్లో ఆరోగ్యశాలతో పాటు ప్రసూతిశాల ప్రస్తావన ఉంది. ఏడున్నర శతాబ్దాల కిందట కాన్పుల కోసం ఒక చోటు. దీని మీద ఒక అధ్యాయం రాయొచ్చు. చాలా పుస్తకాలు రెండు వాక్యాలతో దాటేస్తాయి.

ఇంకొకటి. మార్కో పోలో ఆమె పాలనను ఎంతో మెచ్చుకున్నాడు, కానీ చనిపోయిన రాజుకు భార్య అని రాశాడు. ఏలుతున్న ఆడది ఎవరో ఒకరి భార్య అయి ఉండాలని అనుకున్నాడు కాబోలు. ఆ మాట నమ్మి తర్వాత కొందరు చరిత్రకారులూ పొరబడ్డారు. శాసనాలే ఆ తప్పు సరిచేశాయి.

మోటుపల్లి తీరం

సరే, వేషం సంగతి వదిలేస్తా. కానీ చివరి యుద్ధం? తిరగబడ్డ సామంతుడు కాయస్థ అంబదేవుడి మీదికి వెళ్లి రణరంగంలో చనిపోయిందని అందరూ రాస్తున్నారు. అదీ ఊహే అంటారా?

శాసనాభిమాని

చందుపట్ల శాసనం 1289 నవంబరు 27 నాటిది. రుద్రమదేవి, సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకానికి చేరారని, వాళ్ల పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి భూమి దానం చేశాడని ఉంది. రాణి, సేనాని ఇద్దరి పేర్లూ కలిపి ఉన్నాయి. అంబదేవుడి తిరుగుబాటు అప్పటిదే. కాబట్టి యుద్ధంలోనే పోయి ఉంటారని ఊహించడంలో బలం ఉంది. అయినా యుద్ధం అన్న మాట రాతి మీద లేదు. ఊహకూ ఊహకూ తేడా ఉందండీ. ఇది ఆధారం మీద నిలబడింది.

ఓరుగల్లు పాఠకురాలు

అక్కడే నాకు ఇంకో బాధ. ఆ పుస్తకంలో చివరి యుద్ధం బొమ్మలో కూడా ఆమె ఇరవై ఏళ్ల పిల్లలా ఉంది. అప్పటికి ఆమె అమ్మమ్మ! ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుడే ఆమె తర్వాత గద్దెనెక్కాడు. మనవడు రాజ్యం ఏలే వయసుకు వచ్చాక కూడా సేనతో కదిలిందంటే, ఆ అమ్మమ్మ కథ ఎవరూ ఎందుకు రాయరు?

ఇద్దరమ్మాయిల నాన్నగారూ, పాప దగ్గర్నుంచి పుస్తకం లాక్కోకండి. నేను నా ప్రతిలో పెన్సిల్‌తో గీతలు పెట్టుకున్నాను. శాసనంలో ఉన్నదానికి నిలువు గీత, రచయిత అనుకున్నదానికి చుక్క. పాపనే పెట్టమనండి.

ఇద్దరు ఆడపిల్లల నాన్న

రాత్రే మొదలుపెట్టాం. మొదటి అధ్యాయం నిండా చుక్కలే. వెలగపూడి పేజీకి నిలువు గీత పెట్టి, ఆ ఊరు చూడటానికి ఎప్పుడు వెళ్దాం అని అడుగుతోంది.