ఉస్మానియా పరిశోధనను దేంతో కొలవాలి?

హబ్సిగూడ వాసి:
మా పక్కింటాయన కూతురు పీహెచ్‌డీలో చేరాలనుకుంటోంది. ఉస్మానియాలో చేరమని తండ్రి, అక్కడ ఇప్పుడు పరిశోధన ఎక్కడుందని మేనమామ. నిన్న సాయంత్రం వాదన మా ఇంటిదాకా వచ్చింది. నేను మేనమామ వైపే మాట్లాడాను, ఎందుకో చెబుతా.

తార్నాక నుంచి ఉప్పల్ వెళ్లే దారి చూడండి. ఎన్‌ఐఎన్, ఐఐసీటీ, ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ, అన్నీ కేంద్ర పరిశోధన సంస్థలే. తిండి, రసాయనాలు, భూమి లోపలి సంగతులు, జన్యువులు... ఏ పరిశోధన కావాలన్నా ఆ నాలుగు గేట్ల వెనకే ఉంది. వాటి పక్కనే ఇంత పెద్ద క్యాంపస్ ఉంది. 1918లో పుట్టి వందేళ్లు దాటిన యూనివర్సిటీ. "ఇది ఉస్మానియా చేసింది" అని గట్టిగా ఒక్కటి చూపించండి, నా మాట వెనక్కి తీసుకుంటాను. రోనాల్డ్ రాస్ పేరు మాత్రం చెప్పొద్దు. ఆయన సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది 1897లో. బేగంపేటలోని ఆ భవనం యూనివర్సిటీ చేతికి వచ్చింది చాలా తర్వాత.

పాత విద్యార్థి, సైన్స్ కాలేజీ:
రాస్ సంగతి మీరన్నది నిజం, దాన్ని మన ఖాతాలో వేసుకోకూడదు. కానీ అదే బేగంపేటలో నక్షత్రాలను పరిశీలించిన నిజామియా అబ్జర్వేటరీ ఉంది. ఒక్కటి చూపించమన్నారు కదా, నేను దాన్నే చూపిస్తాను.

1887లో పారిస్‌లో ఒక నిర్ణయం జరిగింది. ప్రపంచంలోని పలు అబ్జర్వేటరీలు ఆకాశాన్ని పంచుకుని, మొత్తం ఫొటోలు తీసి నక్షత్రాల పట్టిక తయారుచేయాలని. ఆకాశంలో దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల మధ్య పట్టీ మొదట చిలీలోని శాంటియాగో వాటాకు వచ్చింది. వాళ్ల వల్ల కాలేదు. దాన్ని హైదరాబాద్ తలకెత్తుకుంది. 1914లో ఫొటోలు మొదలయ్యాయి, 1919లో అబ్జర్వేటరీ యూనివర్సిటీ కిందకు వచ్చింది, పని మాత్రం ఆగలేదు.

ఆ పని ఎలా ఉండేదో ఒక్కసారి ఊహించండి. అరచేతికి కాస్త పెద్దదైన గాజు పలక. దాని మీద ఆకాశంలోని రెండు డిగ్రీల చదరం ముక్క. పలక నిండా 5 మిల్లీమీటర్ల గళ్లు. మైక్రోస్కోప్‌లో కన్ను పెట్టి, ప్రతి చుక్కా గడి గీతకు అడ్డంగా ఎంత దూరం, నిలువుగా ఎంత దూరం అని కొలిచి రాసుకోవాలి. ఒక చుక్క, తర్వాత ఇంకో చుక్క. పలక అయిపోతే ఇంకో పలక. కంప్యూటర్ అన్న మాటే లేని రోజులు. అలా లక్షల నక్షత్రాల స్థానాలు సంపుటాలుగా అచ్చయ్యాయి. ఆ కొలిచినవాళ్లలో చాలామంది పేర్లు ఎవరికీ గుర్తు లేవు.

దాని ఫలితం ఎప్పుడు దక్కిందో తెలుసా? 1989లో యూరప్ వాళ్లు హిప్పార్కస్ ఉపగ్రహాన్ని పంపారు. అది ఆ నాటి నక్షత్రాల స్థానాలను చాలా కచ్చితంగా చెప్పింది. కానీ నక్షత్రం ఏడాదికి ఎంత కదులుతోందో తెలియాలంటే పాత స్థానం కూడా కావాలి, ఎంత పాతదైతే అంత మంచిది. ఆ పాత పట్టికలను తిరగదోడి, ఉపగ్రహం లెక్కలతో కలిపి 2000లో టైకో-2 అనే పట్టిక తెచ్చారు. 25 లక్షల నక్షత్రాలు. అందులో మన గాజు పలకల కొలతలూ ఉన్నాయి. ఎనభై ఏళ్ల తర్వాత పనికొచ్చిన కొలతలు! ఏ ర్యాంకింగ్ దీన్ని లెక్కపెడుతుంది?

హబ్సిగూడ వాసి:
అన్నా, ఇది నాకు తెలీదు. తెలియజేసినందుకు థ్యాంక్స్. కానీ ఇది నిజాం డబ్బుతో, నిజాం కాలంలో జరిగిన పని. 1968లో హైదరాబాద్ దగ్గరి జాపాల్-రంగాపూర్‌లో యూనివర్సిటీ వాళ్లు 48 అంగుళాల టెలిస్కోప్ పెట్టారు, 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడి నుంచి గమనించారు. ఆ తర్వాత? తాత సంపాదించిన పొలం చూపించి మనవడు గొప్పోడంటే ఎలా?

భాషాశాస్త్రం విద్యార్థిని:
అందరూ సైన్స్ వైపే చూస్తున్నారు, అందుకే ఈ మాట చెప్పాలనిపించింది. భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1962లో ఉస్మానియాకు వచ్చి భాషాశాస్త్ర శాఖను నడిపించారు. ఆయన మొదలుపెట్టిన మాండలిక వృత్తిపదకోశంలో వ్యవసాయం సంపుటం 1962లో, చేనేత సంపుటం 1971లో వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించింది కాబట్టి అది అకాడమీ పని అంటారేమో. అచ్చు వేసింది అకాడమీయే, కానీ పద్ధతి ఈ ఆచార్యుడిది. ఊరూరా తిరిగి, రైతుల దగ్గరా నేతగాళ్ల దగ్గరా కూర్చుని, ఈ పనిముట్టును మీ ఊళ్లో ఏమంటారని అడిగి రాసుకున్న పదాలవి. తెలుగుకు పూర్వ, దక్షిణ, ఉత్తర, మధ్య అని నాలుగు మాండలిక ప్రాంతాలున్నాయని మనం ఇప్పుడు క్లాసులో చదువుకుంటున్నది ఈ పదాల మీద నిలబడి తేల్చినదే.

బిరుదురాజు రామరాజుగారు జానపద గేయాల మీద పీహెచ్‌డీ చేసిందీ ఇక్కడే. పొలాల్లో, తిరగలి దగ్గర పాడుకునే పాటలు కూడా పరిశోధనకు తగినవని ఒప్పించడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

ఇక ర్యాంకుల మాట. కేంద్రం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లో పరిశోధన వాటా 30 శాతం. పరిశోధన పత్రాలను లెక్కపెట్టేది స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ అనే అంతర్జాతీయ సూచికలు చూసి. తెలుగు పత్రికలో తెలుగులో రాసిన వ్యాసానికి అక్కడ చోటు ఎక్కడుంది? అంటే పదకోశం లాంటి పని ఈ రోజు చేస్తే యూనివర్సిటీ ర్యాంకు ఒక్క మెట్టు కూడా పెరగదు. నన్ను బాధపెడుతున్నది అదే.

మగ్గం ఇంటి మనిషి:
మేడం, మీరు చేనేత అన్నారు కాబట్టి మాట్లాడుతున్నా. మాది నేత కుటుంబం. పడుగు, పేక, కండె, నాడె, పన్నె... నాకు ఇవి పుస్తకంలోంచి వచ్చిన మాటలు కావు. వీటిని ఒక ప్రొఫెసర్ భద్రంగా రాసిపెట్టారంటే నాకూ గర్వమే.

కానీ ఆసు అనే మాట కూడా ఆ ఇంటిదే. అర్ధచంద్రాకారంలో మేకులు, వాటి చుట్టూ దారాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పాలి. ఒక్క చీరకు వేలసార్లు. మా అమ్మ ఎడమచేత్తో కుడి భుజం నొక్కుకుంటూనే ఆసు పోసేది. రాత్రి చెయ్యి పైకెత్తి జడ వేసుకోలేకపోయేది, మా అక్క వేసేది. ఆ బాధ తప్పించే యంత్రం ఎక్కడ పుట్టింది? ఉస్మానియా ఇంజినీరింగ్ కాలేజీలో కాదు. ఆలేరు దగ్గర, బడి మధ్యలో మానేసిన చింతకింది మల్లేశం గారు తల్లి కష్టం చూడలేక ఏళ్ల తరబడి కుస్తీపట్టి 1999లో తయారుచేశారు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. సిటీకి ఆలేరు ఎంత దూరం? మా మాటలు రాసుకోవడానికి వచ్చినవాళ్లు ఉన్నారు. మా భుజాల నొప్పి గురించి అడగడానికి ఎవరూ రాలేదు. నా దృష్టిలో యూనివర్సిటీ మీద అసలు ఫిర్యాదు ఇదే, ర్యాంకు కాదు.

కెమిస్ట్రీ స్కాలర్:
మీ అమ్మగారి సంగతి చదివాక వెంటనే ఏం రాయాలో తోచలేదు. మీరన్నది ఒప్పుకుంటున్నాను.

లోపలి నుంచి ఒక మాట చెప్పనివ్వండి. నాది వేరే స్టేట్ యూనివర్సిటీ, పేరు ముఖ్యం కాదు. అణువు నిర్మాణం తేల్చే ఎన్‌ఎంఆర్ మెషీన్ మా దగ్గర లేదు. చేసిన కాంపౌండ్‌ను చిన్న సీసాలో పోసి, దూదిలో చుట్టి, పేరు రాసి బయటి ల్యాబ్‌కు పంపిస్తాం. రిపోర్ట్ వచ్చేదాకా ఆ రియాక్షన్ అక్కడే ఆగిపోతుంది. ఫెలోషిప్ నెలల తరబడి రాదు. రిటైరైన సార్ల పోస్టులు ఖాళీ. గైడ్ లేక టాపిక్ మార్చుకున్న ఫ్రెండ్స్ ఉన్నారు. టెన్షన్ పడుతూ త్వరగా అచ్చయ్యే చిన్న పేపర్లు రాస్తాం. పీహెచ్‌డీ సమర్పించాలంటే పేపర్ తప్పనిసరి అన్న నిబంధనను యూజీసీ 2022లో తీసేసింది, కానీ ఇంటర్వ్యూలో అడిగేది ఇప్పటికీ పేపర్లనే. ఇలాంటి చోట పదిహేనేళ్లు గాజు పలకలు కొలిచే ఓపిక ఎవరికి ఉంటుంది? నేతగాళ్ల ఇంటికెళ్లి ఆసు చూసే తీరిక ఎవరు ఇస్తారు? మనవడు సోమరి అనే ముందు, పొలానికి నీళ్లు ఎప్పుడు ఆపేశారో కూడా చూడాలి కదా.

హబ్సిగూడ వాసి:
సరే. ఏమీ చేయలేదన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. పక్కనే ఉన్న సంస్థలకు కేంద్రం డబ్బు, శాస్త్రవేత్తలకు పాఠాలు చెప్పే భారం పెద్దగా ఉండదు. వాటితో పోల్చి ఉస్మానియాను తక్కువ చేయడం నా తప్పే. కానీ ఆ అమ్మాయికి ఏం చెప్పను? గైడ్ లేకపోతే, ఫెలోషిప్ రాకపోతే పాత నక్షత్రాల పట్టిక ఆమెకు అన్నం పెట్టదు.

పాత విద్యార్థి, సైన్స్ కాలేజీ:
యూనివర్సిటీ పేరు చూసి చేరొద్దని చెప్పండి. గైడ్‌ను చూసి చేరమనండి. ఆయన కింద ఎంతమంది పూర్తిచేశారు, ఇప్పుడు ఎక్కడున్నారు, ఎన్నేళ్లు పట్టింది? డిపార్ట్‌మెంట్‌కు వెళ్లి స్కాలర్లను నేరుగా అడిగితే చెబుతారు. పక్క సంస్థలో ఒక కో-గైడ్ దొరుకుతారేమో కూడా చూడమనండి, ఆ రోడ్డు దగ్గరే ఉందిగా.

భాషాశాస్త్రం విద్యార్థిని:
మగ్గం ఇంటి అన్నగారూ, ఒకటి అడగనా? పదకోశం వచ్చాక యాభై ఏళ్లు దాటింది. ఆసు యంత్రం వచ్చాక ఇళ్లలో కొత్త మాటలు పుట్టే ఉంటాయి, కొన్ని పోయే ఉంటాయి. అమ్మగారు మాట్లాడతానంటే వచ్చి రాసుకుంటాను. ఈసారి భుజం సంగతి కూడా అడుగుతాను.

మగ్గం ఇంటి మనిషి:
రండమ్మా. ఆదివారం వద్దు, ఇంటికి చుట్టాలొస్తున్నారు. సోమవారం పొద్దున్నే వస్తే అమ్మ గోడవారకు చాప వేసుకుని తీరిగ్గా కూర్చుంటుంది. ఆ చేనేత సంపుటం మీ లైబ్రరీలో దొరికితే వెంట తెండి, ఆవిడకు చదివి వినిపిద్దాం. తప్పుగా రాశారనుకుంటే మొహమాటం లేకుండా చెప్పేస్తుంది.