ట్రాన్స్ పేషెంట్‌కి ఏ వార్డులో బెడ్ ఇవ్వాలి? నెల్లూరు, ప్రకాశం నర్సులు చెప్పండి

పెన్నా గట్టు (స్టాఫ్ నర్స్, నెల్లూరు)

పోయిన నెల నైట్ డ్యూటీలో జరిగింది. అప్పటి నుంచి మనసులో పెట్టుకుని తిరుగుతున్నా. పద్నాలుగేళ్లుగా ఈ పని చేస్తున్నా. ఆస్పత్రి పేరు రాయను.

రాత్రి ఒంటిగంట దాటాక క్యాజువాలిటీకి ఒక ట్రాన్స్ మహిళ వచ్చింది. పాతికేళ్లుంటాయి. ఎడమ పిక్క వాచిపోయి అడుగు పెట్టలేకపోతోంది. పాత ఆధార్ చూసి ఓపీ చీటీలో 'పు' (పురుషుడు) అని రాశారు. స్ట్రెచర్ తోయడానికి ఎమ్మెన్నో (మగ ఆర్డర్లీ) రావాలా, ఎఫ్ఎన్వో (ఆడ ఆర్డర్లీ) రావాలా అని అక్కడే పది నిమిషాలు పోయాయి. మేల్ వార్డుకు తీసుకెళ్తే "చీర కట్టుకున్న మనిషిని ఇక్కడెట్లా పడుకోబెడతారు" అన్నారు. ఫిమేల్ వార్డుకు తీసుకెళ్తే పేషెంట్ల తాలూకు వాళ్లు లేచి అడ్డం నిలబడ్డారు. ఆఖరికి వరండాలో ట్రాలీ మీదే ఉంచేశారు.

నేను పక్క వార్డులో ఉన్నా. గొడవంతా నాకూ వినపడింది. నాలుగున్నరకు బీపీ చూద్దామని వెళ్లి "ఏం మందులు వాడుతున్నావమ్మా" అని అడిగా. మెడికల్ షాపులో కొన్న గర్భనిరోధక మాత్రలు, రోజుకు నాలుగు చొప్పున, రెండేళ్లుగా మింగుతోంది. ఒంట్లో మార్పు వస్తుందని తోటివాళ్లు చెప్పారంట. వాటిలోని ఈస్ట్రోజెన్ వల్ల రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుందని మనమందరం ఫార్మకాలజీలో చదివిందే. డ్యూటీ డాక్టర్‌ని లేపా. డాప్లర్ స్కాన్ తీస్తే కాలి సిరలో రక్తం గడ్డ ఉంది. గడ్డ పెరగకుండా ఆపే హెపారిన్ మొదలుపెట్టారు. అదే గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి చేరి ఉంటే ఆ వరండాలోనే ప్రాణం పోయేది.

మూడు గంటలకు పైగా ఆ అమ్మాయిని ఏ వార్డులో పెట్టాలని మాట్లాడుకున్నాం. నొప్పి ఎప్పటినుంచి, ఏం మింగుతున్నావు అని ఎవరూ అడగలేదు, నేను కూడా.

అందుకే అడుగుతున్నా. ట్రాన్స్ పేషెంట్లకు వేరే వార్డు ఉండాలా, లేక వాళ్లు ఏ వార్డు అడిగితే ఆ వార్డులో బెడ్ ఇవ్వాలా? నా అభిప్రాయం రెండోదే. వేరే గది కడితే మనకు నేర్చుకునే అవసరం తప్పిపోతుంది. "ఆ గది వాళ్లు చూసుకుంటారులే" అంటాం.

విశ్రాంత సిస్టర్ (ఒంగోలు)

ముప్పై మూడేళ్లు చేసి హెడ్ నర్సుగా రిటైరయ్యాను. సిస్టర్, మీరు ఆ అమ్మాయి ప్రాణం కాపాడారు, సంతోషం. కానీ వార్డు విషయంలో మీ మాట ఒప్పుకోలేను.

నైట్‌లో నలభై, యాభై మంది పేషెంట్లకు ఒక్క స్టాఫ్ నర్స్ ఉన్న రోజులు నేను చూశాను. ఫిమేల్ వార్డులో బాలింత ఉంటుంది, గర్భసంచి ఆపరేషన్ అయిన ఆమె యూరిన్ పైపుతో ఉంటుంది, ఒంటి మీద బట్ట సరిగా నిలవదు. వాళ్ల అత్తలూ అమ్మలూ మంచం పక్కన చాప వేసుకుని పడుకుంటారు. అక్కడికి ట్రాన్స్ పేషెంట్ వస్తే అర్ధరాత్రి వార్డంతా లేస్తుంది. ఆ తిట్లు పడేది ఆ పేషెంటే. పక్కన నిలబడి కాపాడటానికి నాకు రెండో మనిషి లేదు. నాకు వాళ్ల మీద ఏ ద్వేషమూ లేదు. నాలుగు బెడ్లు, ఒక బాత్రూం, లోపల గడియ ఉన్న గది ఇస్తే వాళ్లే ప్రశాంతంగా ఉంటారు. 2014 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు నల్సా తీర్పులో (ట్రాన్స్‌జెండర్ల హక్కుల మీద ఇచ్చింది) కూడా ట్రాన్స్‌జెండర్లకు ఆస్పత్రుల్లో వైద్యం, వేరే మరుగుదొడ్లు ఏర్పాటు చేయమనే కదా చెప్పింది.

కావలి అక్క

నేను ట్రాన్స్ మహిళని. నర్సును కాదు, పేషెంటుని. మాట్లాడొచ్చు కదా?

ఆరేళ్ల కిందట ఆపరేషన్ తర్వాత మూత్రం దారి ఇరుకై ఒక ఆస్పత్రిలో చేరాను. మేల్ వార్డులో వేశారు. మూడు రాత్రులు నిద్రపోలేదు. బాత్రూంకి వెళ్తే వెనకే ఇద్దరు వచ్చి తలుపు దగ్గర నిలబడేవాళ్లు. ఉచ్చ ఆపుకుని ఆపుకుని జ్వరం తెచ్చుకున్నా. కాబట్టి గడియ ఉన్న గది అంటే ఏంటో నాకు తెలుసు. ఆ పెద్దమ్మ చెప్పింది అబద్ధం కాదు.

కానీ ఆ గది తలుపు మీద బోర్డు పెడతారు కదమ్మా. నా అన్న కూతురు చూడటానికి వస్తే ఆ బోర్డు కింద నుంచి లోపలికి రావాలి. ఒకప్పుడు ఎయిడ్స్ పేషెంట్లను మూల గదిలో పడేసి అన్నం పళ్లెం తలుపు దగ్గర పెట్టి పోయిన రోజులు మా వాళ్లకు ఇంకా గుర్తే. మా గురువు చివరి రోజులు అట్లాంటి గదిలోనే గడిచాయి. వేరే గది అంటే మాకు ముందు అదే కళ్ల ముందుకొస్తుంది.

ఇంకో మాట. వార్డు దాకా ఎందుకు, ఓపీ లైన్లో పాత పేరు గట్టిగా పిలుస్తారు. అందరూ తిరిగి చూస్తారు. అక్కడి నుంచే వెనక్కి వెళ్లిపోయిన వాళ్లు మాలో ఎంతమందో. నేను మూడేళ్లు చెన్నై రాజీవ్ గాంధీ జనరల్ ఆస్పత్రికి తిరిగాను. అక్కడ ట్రాన్స్ క్లినిక్ ఉంది. నెల్లూరు నుంచే 175 కిలోమీటర్ల దూరం, నాకు కావలి నుంచి ఇంకా ఎక్కువ. డ్రెస్సింగ్ మార్పించుకోవడానికి రైలెక్కి వెళ్లేదాన్ని. అక్కడ ఒక సిస్టర్ మొదటి రోజు "మిమ్మల్ని ఏమని పిలవాలి" అని అడిగింది. నేను ఏడ్చేశాను.

వీఆర్సీ సెంటర్ (నెల్లూరు)

కోర్టులో ప్రాక్టీస్ చేస్తాను. ఇక్కడ అందరూ ఇది లేదా అది అన్నట్టు వాదిస్తున్నారు. రాసిన రూలు అట్లా లేదు.

ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం 2019లో వచ్చింది, 2020 జనవరి 10 నుంచి అమల్లోకి వచ్చింది. వైద్యసేవల్లో వివక్ష చూపకూడదని మూడో సెక్షన్‌లోనే ఉంది. 2020 సెప్టెంబర్‌లో దాని కింద నిబంధనలు ఇచ్చారు. ఆస్పత్రుల్లో పురుషుల వార్డు, స్త్రీల వార్డు, ప్రత్యేక వార్డు, వీటిలో ఎంచుకునే వీలు కల్పించాలని, రెండేళ్లలో ఆ ఏర్పాట్లు చేయాలని వాటిలో రాశారు. అంటే వేరే వార్డు ఉండాలన్న విశ్రాంత సిస్టర్ గారి మాటా అందులో ఉంది, పేషెంట్ అడిగింది ఇవ్వాలన్న మాటా ఉంది. ఎంచుకునేది మాత్రం పేషెంటే. హెడ్ నర్స్ కాదు, పక్క బెడ్ వాళ్ల అత్తగారు కాదు.

"చీర కట్టినంత మాత్రాన ఆడదవుతుందా" అనే మాట మా బార్‌లో కూడా వింటుంటాను. 2025 జూన్‌లో మన హైకోర్టు దానికి జవాబిచ్చింది. ఒంగోలు మహిళా పోలీస్ స్టేషన్లో ఒక ట్రాన్స్ మహిళ భర్త మీద పెట్టిన 498ఏ (భర్త, అత్తింటివాళ్ల వేధింపుల) కేసు అది. తగిన ఆధారాలు లేవని కేసు కొట్టేశారు. అయినా ట్రాన్స్ మహిళను స్త్రీ కాదనడానికి వీల్లేదని, ఆ సెక్షన్ కింద ఫిర్యాదు చేసే హక్కు ఆమెకు ఉందని స్పష్టంగా చెప్పారు.

విశ్రాంత సిస్టర్ (ఒంగోలు)

వకీలు గారూ, రూలు మంచిదే. మరి అర్ధరాత్రి పేషెంట్ తాలూకు వాళ్లు నా మీదికొస్తే ఆ రూలు ఎవరు చదివి వినిపిస్తారు? సూపరింటెండెంట్ సంతకంతో ఒక సర్క్యులర్ వార్డు గోడ మీద ఉండాలి. అది లేకుండా స్టాఫ్ నర్సును ముందుకు తోస్తే, పొద్దున మెమో వచ్చేది ఆ నర్సుకే. నేను వేరే గది అడగడానికి సగం కారణం ఇదే. కావలి అక్క రాసింది రెండుసార్లు చదివాను. బోర్డు సంగతి నేనెప్పుడూ ఆలోచించలేదు. అది నా తప్పే.

కొత్తపట్నం గాలి

మేల్ నర్సును. గే. ఈ రెండు మాటలూ ఒకే చోట రాయడం ఇదే మొదటిసారి. ప్రకాశం జిల్లాలో పనిచేస్తున్నా, అంతకంటే చెప్పలేను.

మీరంతా పేషెంట్ల గురించి మాట్లాడుతున్నారు. మనలోనే ఉన్నవాళ్ల సంగతి కూడా అందులో భాగమే. నేను జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చదివేటప్పుడు మానసిక ఆరోగ్య నర్సింగ్ క్లాసులో స్వలింగ ఆకర్షణను లైంగిక వికృతుల జాబితాలో చెప్పారు. ఐదు మార్కుల ప్రశ్న కూడా వచ్చింది. నేను ఏమిటో నేనే పరీక్షలో జబ్బు అని రాసి పాసయ్యాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మాటను జబ్బుల జాబితా నుంచి తీసేసింది 1990లో. నేను పుట్టకముందు. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు 377 సెక్షన్ మీద, స్వలింగ సంబంధం నేరం కాదని తీర్పు ఇచ్చినప్పుడు నేను మేల్ వార్డులో ఇంజెక్షన్లు వేస్తున్నా. టీవీలో వార్త చూసి మా సీనియర్ అన్న మాట ఇక్కడ రాయలేను. నేను ట్రే పట్టుకుని తల దించుకుని నడిచాను.

ప్రతి మే 12న, నర్సుల దినోత్సవం రోజు, రక్తదాన శిబిరం పెడతాం. 2017 జాతీయ మార్గదర్శకాల ప్రకారం ట్రాన్స్‌జెండర్లు, పురుషులతో సంబంధం ఉన్న పురుషులు రక్తం ఇవ్వకూడదు. పరీక్ష చేసి నెగెటివ్ వచ్చినా ఇవ్వకూడదు. నేను శిబిరంలో అందరి రక్తం తీస్తాను, నాది ఇవ్వను. "ఏం బ్రదర్, భయమా" అంటారు. బీపీ ఉందని చెప్తాను.

ట్రాన్స్ పేషెంట్ వస్తే మా వార్డులో నన్నే పంపుతారు. ఎందుకు పంపుతారో వాళ్లకూ తెలియదు. వాళ్లతో నేను మర్యాదగా మాట్లాడతానని మాత్రం గమనించారు.

కనిగిరి నాన్న

మా పాప బీఎస్సీ నర్సింగ్ రెండో సంవత్సరం. నేను చదువుకున్నవాణ్ణి కాదు, తప్పయితే చెప్పండి. పేషెంట్‌కి వైద్యం అందరికీ ఒకేలా చేయాలి, అందులో నాకు వేరే మాట లేదు. కానీ ట్రాన్స్ పిల్లలు నర్సింగ్‌లో చేరితే హాస్టల్ గది ఎవరితో ఇస్తారు? ఆడపిల్లల తల్లిదండ్రులకు టెన్షన్ ఉంటుంది కదా.

పెన్నా గట్టు

అన్నా, తప్పేం లేదు, అడగాల్సిందే. తమిళనాడులో 2019 డిసెంబర్లో అన్బు రూబీ అనే ట్రాన్స్ మహిళకు ప్రభుత్వ నర్సు ఉద్యోగం ఇచ్చారు. ముఖ్యమంత్రే నియామక పత్రం ఇచ్చారు. హైదరాబాద్ ఉస్మానియా ఆస్పత్రిలో 2022లో ఇద్దరు ట్రాన్స్ డాక్టర్లు చేరారు. వాళ్లూ ఎక్కడో ఒక హాస్టల్లో ఉండి చదువుకున్నవాళ్లే. గది ఎవరితో అనేది వార్డెన్, ఆ పిల్లలు కూర్చుని మాట్లాడుకుంటే తేలుతుంది. చదువే వద్దంటే మాత్రం ఆ పిల్లకు రోడ్డు తప్ప ఏమీ మిగలదు.

కొత్తపట్నం తమ్ముడూ, నువ్వు రాసింది చదివి చాలాసేపు ఫోన్ పక్కన పెట్టేశా. నీతో పనిచేసే సిస్టర్స్‌లో ఒక్కరికైనా చెప్పుకోగలిగితే బాగుండు. తొందరేం లేదు.

టంగుటూరు ట్యూటర్

నర్సింగ్ కాలేజీలో పదకొండేళ్లుగా చెప్తున్నా. ఒంట్లో ఏ అవయవం ఉందో దాన్నిబట్టి నర్సింగ్ చేయాలి, కేస్ షీట్‌లో అక్షరాన్నిబట్టి కాదు. పిల్లలకు నేను ముందు చెప్పేది ఇదే. ట్రాన్స్ మహిళకు ఆపరేషన్ అయినా ప్రోస్టేట్ ఉంటుంది, వయసు మీద పడ్డాక మూత్రం బొట్లు బొట్లుగా వస్తే ఆ కోణంలో చూడాలి. గర్భసంచి తీయించుకోని ట్రాన్స్ పురుషుడికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష అవసరం, కానీ గడ్డంతో వెళ్లి గైనిక్ ఓపీ లైన్లో నిలబడే ధైర్యం ఎంతమందికి ఉంటుంది? టెస్టోస్టెరాన్ (మగ హార్మోన్) వాడే వాళ్లలో హిమోగ్లోబిన్ పెరుగుతుంది. ల్యాబ్ రిపోర్టు మీద స్త్రీల లెక్క వేసి కంగారు పడకూడదు. మగ హార్మోన్ ప్రభావాన్ని తగ్గించే స్పైరనోలాక్టోన్ వాడుతుంటే పొటాషియం మీద కన్నేయాలి.

ఇవేవీ కష్టమైనవి కావు. ఒక మధ్యాహ్నం క్లాసు చాలు. పరీక్షలో రాని పాఠం ఎవరూ చదవరన్నదే ఇబ్బంది. నేను ఈ సంవత్సరం ఇంటర్నల్స్‌లో ఒక ప్రశ్న పెట్టా: "రాత్రి క్యాజువాలిటీకి వచ్చిన ట్రాన్స్ మహిళను మీరు మొదట ఏం అడుగుతారు?" సగం మంది "ఆధార్ కార్డు" అని రాశారు. ఆ పేపర్లు దిద్దుతుంటే, ఇన్నేళ్లూ నేను నేర్పింది ఇదా అనిపించింది. మళ్లీ క్లాసు తీసుకున్నా. కావలి అక్కా, ఒకసారి మా పిల్లలతో మాట్లాడతారా? చార్జీలు నేను పెట్టుకుంటా.

కావలి అక్క

వస్తానమ్మా. చార్జీలు వద్దు, టీ ఇవ్వండి చాలు.

ఏ వార్డు కావాలో ఇంతమంది రాశారు కాబట్టి నా జవాబు నేనూ చెప్తా. ఆపరేషన్ గాయం పచ్చిగా ఉన్న రోజుల్లో నాకు గడియ ఉన్న గదే కావాలి, బోర్డు మాత్రం వద్దు. జ్వరమో, టైఫాయిడో అయితే ఫిమేల్ వార్డు చాలు, నర్సు బల్లకి దగ్గరగా బెడ్ ఇవ్వండి. మా చెల్లెళ్లలో కొందరు మేల్ వార్డే అంటారు, ఇంకా ఇంట్లో చెప్పని వాళ్లు. అందరికీ ఒకటే జవాబు ఉండదు.

పెన్నా గట్టు

అక్కా, మీ జవాబు నాకు పనికొచ్చింది. నిన్న ఒక కాగితం రాసి మా నర్సింగ్ సూపరింటెండెంట్ మేడమ్‌కి ఇచ్చా. కేస్ షీట్ ముందు పిన్ చేసే చిన్న చీటీ. మిమ్మల్ని ఏ పేరుతో పిలవాలి, ఏ వార్డులో ఉంటే ఇబ్బంది ఉండదు, హార్మోన్లు గానీ మాత్రలు గానీ ఏమన్నా వాడుతున్నారా, మీ తరఫున ఎవరితో మాట్లాడాలి. అంతే. మేడమ్ చదివి, "ఇది ట్రాన్స్ వాళ్లకే ఎందుకు, అందరికీ పెడదాం. అప్పుడు ఎవరూ వేరుగా కనపడరు" అన్నారు. సర్క్యులర్ సంగతి ఆర్‌ఎంఓ (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్) గారితో మాట్లాడతానన్నారు. ఇంకా రాలేదు. అడుగుతూనే ఉంటా.

ఆ అమ్మాయి రివ్యూకి వచ్చింది. వాపు తగ్గింది. మాత్రలు ఆపేసిందంట, ఇప్పుడేం వాడాలో చెప్పే డాక్టర్ ఇక్కడ ఎవరున్నారని అడిగింది. నాకు తెలిసిన పేరేదీ లేదు. ఎవరికైనా నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ మంచి ఎండోక్రైనాలజిస్ట్ (హార్మోన్ల డాక్టర్) తెలిస్తే మెసేజ్ పెట్టండి.

విశ్రాంత సిస్టర్ (ఒంగోలు)

ఆ చీటీ ఫొటో తీసి పెట్టండి సిస్టర్. నా దగ్గర పనిచేసిన పిల్లలు ఇప్పుడు మూడు ఆస్పత్రుల్లో హెడ్ నర్సులు. పంపిస్తాను.