కొత్త కృతులు పాడించడానికి విరాళం: షరతు పెట్టవచ్చా?

విజయవాడ శ్రోత:
మా ఊరి చిన్న సంగీత సభకు ఏటా కొంత సొమ్ము ఇస్తామని ఒక దాత ముందుకు వచ్చారు. అయితే ఆ సొమ్ముతో జరిగే ప్రతి కచేరీలోనూ సగం సమయం 1950 తర్వాత వెలువడిన రచనలకే కేటాయించాలని షరతు పెట్టారు. కార్యవర్గం రెండుగా చీలింది. శ్రోతలు త్యాగరాజు, దీక్షితులు, శ్యామశాస్త్రి కృతుల కోసమే వస్తారని ఒక పక్షం వాదిస్తోంది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు నేర్చుకుని, నేర్పిన ఊళ్లోనే ఆయన కృతి ప్రధాన కృతిగా వినపడకపోతే ఇంకెక్కడ వినాలని రెండో పక్షం అడుగుతోంది. సమకాలీన వాగ్గేయకారుల సంగీతాన్ని ఇలా డబ్బిచ్చి పాడించడం సబబేనా?

సభా నిర్వాహకుడు, గుంటూరు:
సబబు కాదని నా అభిప్రాయం. త్యాగరాజ స్వామి కృతులు ఎవరి గ్రాంటుతోనూ కృష్ణాతీరానికి రాలేదు. స్వామి శిష్యులైన మానంబుచావడి వెంకటసుబ్బయ్య గారి దగ్గర సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి గారు, ఆయన దగ్గర పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారు, పంతులు గారి దగ్గర బాలమురళి గారు నేర్చుకున్నారు. సత్తా ఉన్న రచన తన దారి తానే వెతుక్కుంటుంది. గడియారం చూసుకుంటూ సగం సమయం కొత్తవి పాడిస్తే ముందు వరుసలు ఖాళీ అవుతాయి. మరుసటి ఏడు దాత గారు చేయి వెనక్కి తీసుకుంటే మాకు సొమ్మూ ఉండదు, శ్రోతలూ ఉండరు.

వయొలిన్ ఉపాధ్యాయిని, విజయవాడ:
నిర్వాహకుడు గారూ, మీరు చెప్పిన పరంపరే నా వాదానికి ఆధారం. అన్నేళ్లు గురువుగారింట ఉండి నేర్చుకున్న శిష్యులకు ఎవరో ఒకరు అన్నం పెట్టారు కదా. ఆ ఖర్చు గురుపత్ని వంటింట్లో కలిసిపోయింది కాబట్టి ఏ పద్దులోనూ కనిపించదు, అంతే. దగ్గరి కాలానికి వస్తే, 1948 డిసెంబరులో మొదలైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం కళాకారులను నెల జీతం మీద పెట్టుకుని, భక్తిరంజని వంటి కార్యక్రమాల కోసం కొత్తగా స్వరపరచిన పాటలను సాధన చేయించి మరీ ప్రసారం చేసింది. బాలమురళి గారు, బాలాంత్రపు రజనీకాంతరావు గారు అక్కడ పనిచేసినవారే. ఆ పాటలు ఇళ్లలో నిలిచిపోవడానికి వాటి గొప్పతనంతో పాటు, ప్రజాధనంతో దొరికిన ఆ సాధన సమయం, మళ్లీ మళ్లీ వినిపించడం కూడా కారణాలని నేను నమ్ముతాను.

ఇక వేదిక మీద జరిగేది చెబుతాను. మన కచేరీ పద్ధతిలో రిహార్సలు అనేది దాదాపు లేదు. ఆరింటికి కచేరీ అంటే పక్కవాద్యాల వాళ్లం అయిదున్నరకు వచ్చి శ్రుతి చూసుకుంటాం. గాయకుడు తోడి రాగంలో పేరున్న త్యాగరాజ కృతి ఎత్తుకుంటే, ఒకే పాదాన్ని మార్చి మార్చి పాడే సంగతుల్లో రెండోదానికల్లా నా కమాను దారిలో పడుతుంది, ఎందుకంటే ఆ సంగతులు చిన్ననాటి నుంచి చేతిలో ఉన్నాయి. అదే బాలమురళి గారు కల్పించిన లవంగి రాగం తీసుకోండి. షడ్జమం, శుద్ధ రిషభం, శుద్ధ మధ్యమం, శుద్ధ ధైవతం, అంతే. నాలుగే స్వరాలు, పంచమం లేదు. అలవాటు కొద్దీ వేలు పంచమం మీద పడిందా, రాగం అక్కడితో సరి. ఆయనదే సర్వశ్రీ రాగంలో అయితే షడ్జమ, మధ్యమ, పంచమాలు మూడే. వాటితో స్వరకల్పన, అంటే అప్పటికప్పుడు స్వరాలు అల్లుకుంటూ పోవడం, ఎంతసేపు సాగించగలమో ముందుగా కూర్చుని చూసుకోకపోతే వేదిక మీద ఒకరి ముఖం ఒకరు చూసుకోవాల్సిందే. కొత్త కృతి శ్రోతలకు నచ్చలేదని తీర్పు చెబుతున్నప్పుడు, వాళ్లు విన్నది తడుముకుంటూ వాయించిన కృతి అని ఎవరూ చెప్పరు.

అందుచేత సగం సమయం అన్న షరతు నాకూ నచ్చలేదు. ఒకే ఒక్క కృతి తీసుకుని, స్వరలిపి నెల ముందుగా పక్కవాద్యాలకు అందజేసి, రెండు రిహార్సళ్లకు పారితోషికం ఇచ్చి, అదే బృందంతో ఏడాదిలో మూడు కచేరీల్లో పాడించాలి. మొదటిసారి పాడినప్పుడు శాలువాలు, ఫొటోలు ఎలాగూ ఉంటాయి. రెండోసారికి పైసా ఇచ్చేవారు ఉండరు. ఇంగ్లండులో రాల్ఫ్ వాన్ విలియమ్స్ అనే స్వరకర్త తన సంగీతం మీద వచ్చే హక్కుల రాబడి తనకే దాచుకోకుండా, 1956లో ఒక ట్రస్టు పెట్టి, తనంత పేరు రాని సమకాలీనుల రచనలకు సహాయం అందేలా చేశారు. మన పెద్ద విద్వాంసుల్లో ఒక్కరైనా అలా ఆలోచిస్తే బాగుండును.

మృదంగ కళాకారుడు, గుంటూరు:
రిహార్సలుకు పారితోషికం అన్న మాట ఎవరో ఒకరు అన్నందుకు సంతోషం. ఒక సాయంత్రం రిహార్సలుకు వెళితే ఆ పూట పాఠాలు మానుకోవాలి. ఆ నష్టం ఇంతవరకు మేమే భరిస్తున్నాం.

న్యాయవాది, విజయవాడ:
పద్దులో ఇంకొక అంశం చేర్చుకోవాలి. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత మరణించిన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్ల పాటు హక్కులు ఉంటాయి. బాలమురళి గారు 2016 నవంబరులో కన్నుమూశారు కనుక ఆయన రచనలకు 2076 చివరి దాకా రక్షణ ఉంటుంది. ఔత్సాహిక సంఘాలు ఉచితంగా జరిపే ప్రదర్శనలకు చట్టంలో మినహాయింపు ఉంది గానీ, టిక్కెట్టు పెట్టే సభ దాని మీద ఆధారపడకూడదు. హక్కుదారుల అనుమతి, రుసుము దాత గారి సొమ్ములోంచే వెళ్లాలి.

సభా నిర్వాహకుడు, గుంటూరు:
రిహార్సలు సంగతి ఒప్పుకుంటాను. మరి ఆ కృతిని ఎంపిక చేసేదెవరు? గ్రాంటు ఉందని తెలిస్తే ప్రతి వీధిలోనూ ఒక వాగ్గేయకారుడు పుట్టుకొస్తాడు. ఎంపిక సంఘం వేస్తే సభ్యులు తమ గురువుల రచనలనే పైకి తెస్తారు. అలాంటివి చాలా చూశాను.

వయొలిన్ ఉపాధ్యాయిని, విజయవాడ:
సంఘమే వద్దండీ. పాడేవారే ఎంచుకోవాలి. మూడు కచేరీల్లో మూడుసార్లు తన పేరు పణంగా పెట్టి పాడవలసినవారు మొహమాటానికి పోయి పేలవమైన రచన ఎత్తుకోరు. రిహార్సళ్లు జరిగాయా లేదా అన్నది మాత్రం సభ చూసుకుంటే చాలు.

సభా నిర్వాహకుడు, గుంటూరు:
అలాగైతే నా అభ్యంతరం సగం తగ్గింది. కానీ ప్రధాన కృతిగా మాత్రం వద్దు. కచేరీ మొదట్లో పాడే వర్ణం అయిన వెంటనే పెట్టుకోండి.

వయొలిన్ ఉపాధ్యాయిని, విజయవాడ:
వర్ణం అయ్యే సమయానికి సగం మంది ఇంకా చెప్పులు విడుస్తూ, కుర్చీలు వెతుక్కుంటూ ఉంటారు. నెల రోజులు సాధన చేసిన కృతిని ఆ సందడిలో పాడించడానికైతే దాత గారి సొమ్ము అక్కర్లేదు. ప్రధాన కృతి తర్వాత మృదంగం ఒంటరిగా వాయించే తనియావర్తనం ఆ కృతికే ఉండాలి.