చవక పెల్లెట్ గ్రిల్‌లో వేడి నిలబడటం లేదు, ఏం మార్పులు చేసుకోవాలి?

కళింగపట్నం_గ్రిల్:
అందరికీ నమస్కారం. కళింగపట్నం బీచ్ రోడ్డులో శని, ఆదివారాల సాయంత్రాలు చిన్న గ్రిల్ పాయింట్ నడుపుతున్నాను. కోడి, చందువ, కోనాం. మా బావగారు అమెరికా నుంచి వచ్చేస్తూ సామానుతో పాటు తెచ్చిన పెల్లెట్ గ్రిల్ ఇది, అంటే పొట్టును నొక్కి చేసిన చిన్న గుళికలు (పెల్లెట్లు) మండించి వండేది. అక్కడ చవక రకమే. ఇక్కడ 230 వోల్టులను 120కి దించే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వాడుతున్నాను.

110 డిగ్రీలు పెడితే 90 నుంచి 140 దాకా ఊగుతోంది. 200 పెడితే 170 దాటదు. ఎడమ పక్క ముక్కలు మాడిపోతుంటే కుడి పక్కవి లోపల పచ్చిగానే ఉంటున్నాయి. మూత చుట్టూ పొగ. పోయిన ఆదివారం ఒక కుటుంబం ముప్పావు గంట ఎదురుచూసి లేచి వెళ్ళిపోయింది. పచ్చి కోడి పెట్టలేను కదా. కొత్త కంట్రోలర్ (వేడిని సర్దే బోర్డు) వేయించమని ఒకరు చెప్పారు. అంత డబ్బు పెట్టే ముందు, వాడినవాళ్ళ అనుభవం వినాలని ఉంది.

విజయనగరం_వైండింగ్:
అన్నయ్యా, ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని దించుతుంది గానీ ఫ్రీక్వెన్సీని మార్చదు. అమెరికా కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. పెల్లెట్లను లోపలికి తోసే స్క్రూకి ఏసీ గేర్ మోటారు ఉంటే, అక్కడ ఆరు చుట్లు తిరిగే సమయానికి ఇక్కడ ఐదే తిరుగుతుంది. ఆ లెక్కన పెల్లెట్లు ఆరో వంతు తక్కువ పడతాయి. మీకు 200 అందకపోవడానికి ఒక కారణం ఇదే కావచ్చు. మోటారు మీద చీటీ చూడండి. 12 లేదా 24 వోల్ట్ డీసీ అని ఉంటే ఈ సమస్య లేదు.

కంట్రోలర్‌లో పీ సెట్టింగ్, అంటే స్క్రూ ఒకసారి తిరిగాక ఎంతసేపు ఆగాలో చెప్పే అంకె, ఉందా? నా దగ్గరికి రిపేరుకొచ్చిన ఒక గ్రిల్‌లో పీ-2 దగ్గర స్క్రూ 15 సెకన్లు తిరిగి 65 సెకన్లు ఆగేది. పీ-1 పెడితే 55 సెకన్లే ఆగేది. లెక్క వేసి చూస్తే తగ్గిన మేత (పెల్లెట్లు పడటం) దాదాపు పూడిపోయింది. రూపాయి ఖర్చు లేదు. అయితే ఇది తక్కువ మంటకే పనికొస్తుంది. 200 కావాలంటే అదే 120 వోల్టులకు కాస్త ఎక్కువ ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) ఉన్న గేర్ మోటారు వేయాలి. షాఫ్ట్ మందం, తిరిగే దిశ సరిచూసుకుని కొనండి.

ఇంకొకటి. సాయంత్రం మీ దగ్గర వోల్టేజీ 190కి పడిపోతే ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చేది 100 లోపే. అప్పుడు నిప్పు రాజేసే రాడ్ శక్తి మూడింట రెండు వంతులే. అందుకే చాలామందికి మొదటిసారి అంటుకోదు. చిన్న స్టెబిలైజర్ పెట్టండి. ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా మాత్రం పొరపాటున కూడా ప్లగ్గు పెట్టొద్దు, ఆ రాడ్ మీద మూడున్నర రెట్లకు పైగా భారం పడి మాడిపోతుంది.

కళింగపట్నం_గ్రిల్:
చీటీ చూశాను తమ్ముడూ, ఏసీయే. 120 వోల్ట్, 60 హెర్ట్జ్, 2 ఆర్‌పీఎం. పీ-2లో ఉంది. ఇన్నాళ్ళూ ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

గరివిడి_వెల్డర్:
ఎడమ, కుడి తేడా గురించి నేను చెప్తాను. ఈ చవక గ్రిల్స్‌లో నిప్పు గిన్నె మీద ఉండే రేకు పలచగా ఉంటుంది. నాలుగు వారాలకే వంగిపోతుంది. వంగిన వైపు నుంచి వేడంతా ఎగదన్నుతుంది. 4 ఎంఎం ఎంఎస్ (మామూలు ఉక్కు) ప్లేటు అదే కొలతకు కోయించి వేయండి, బరువుకి వేడి పట్టి నిలుస్తుంది. గ్రిల్ గోడకీ ప్లేటుకీ మధ్య రెండు పక్కలా ఖాళీ సమానంగా ఉందో లేదో టేపుతో కొలవండి. మా బంధువుల గ్రిల్‌లో ఒక పక్క రెండు వేళ్ళు, ఇంకో పక్క వేలు కూడా పట్టేది కాదు. అది సరిచేసిన రోజే తేడా సగానికి తగ్గింది.

దయచేసి జీఐ రేకు వాడకండి. చవకగా దొరుకుతుందని షాపువాళ్ళు అదే చేతిలో పెడతారు. దాని మీద జింక్ పూత ఉంటుంది. నిప్పు గిన్నె పైన ఆ పూత నిలవదు, ఆ పొగ తిండికి పట్టకూడదు, వండేవాళ్ళు పీల్చకూడదు. కొత్త ఎంఎస్ ప్లేటుకైనా నూనె మరక పోయేలా కడిగి, తిండి పెట్టకుండా ఒక గంట బాగా కాల్చాకే వాడండి.

మూతకి గ్లాస్ ఫైబర్ గాస్కెట్ టేపు అతికించండి. హాపర్ (పెల్లెట్లు పోసే పెట్టె) గ్రిల్‌కి కలిసే చోట సందుంటే వేడిని తట్టుకునే సిలికాన్ పూయండి. మామూలు బాత్రూమ్ సిలికాన్ పనికిరాదు.

రాజాం_స్మోకర్:
నేను కంట్రోలర్ మార్పించినవాణ్ణే. పాతది టైము లెక్కన పెల్లెట్లు వేసేది, కొత్తది పీఐడీ. వేడి ఎంత వేగంగా పడుతోందో చూసుకుని మేత సర్దుకుంటుంది. 110 పెడితే ఇటూ అటూ ఐదారు డిగ్రీలు. నా మాటైతే మార్పించమనే.

గరివిడి_వెల్డర్:
మార్చకముందు మూత సందులు మూశారా?

రాజాం_స్మోకర్:
మూసే ఉన్నాయి. నాది కొత్త గ్రిల్, గాస్కెట్‌తోనే వచ్చింది. ఆ మాట నిజమే, సందులతో ఊగుతుంటే పీఐడీ కూడా ఊగుతూనే ఉంటుంది. అన్నయ్య ముందు అవి మూయనీయండి.

పలాస_పెరడు:
అందరూ యంత్రం గురించే మాట్లాడుతున్నారు. పెల్లెట్లు ఎక్కడివండీ?

కళింగపట్నం_గ్రిల్:
బాయిలర్లకి సరఫరా చేసే ఒకాయన దగ్గర తీసుకుంటున్నాను. వేరుశనగ తొక్కవి అన్నాడు. ఇంకేవో కలుపుతాడేమో తెలియదు.

పలాస_పెరడు:
ఈ రోజే ఆపేయండి అన్నయ్యా, కోపగించుకోకండి. బాయిలర్ పెల్లెట్లలో ఏం కలిసినా అడిగేవారుండరు. ప్లైవుడ్ పొట్టు ఉంటే అందులో జిగురు ఉంటుంది. ఊక కలిస్తే బూడిద 15–20 శాతం దాకా వస్తుంది. మంచి చెక్క పెల్లెట్లకి ఒక శాతం లోపే. ఆ బూడిదే నిప్పు గిన్నె రంధ్రాలను మూసేసి గాలి ఆడనివ్వదు. మీ వేడి ఊగడానికి నాకు మొదటి అనుమానం దీని మీదే.

మా ఊరి సంగతి కూడా చెప్పాలి. పలాసలో జీడి తొక్క కుప్పలుగా దొరుకుతుంది, బాగా మండుతుంది. అందుకని గ్రిల్‌లో వేద్దామని కొందరికి ఆశ. ఆ తొక్కలో ఉన్న నూనె ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుంది. కాల్చే చోట పనిచేసినవాళ్ళ చేతులు నేను చూశాను. ఆ పొగ తిండికి అస్సలు తగలకూడదు.

కట్టెలతో చేసినవీ, తిండికని అమ్మేవీ 6 ఎంఎం పెల్లెట్లు తీసుకోండి. ఖరీదు ఎక్కువే. చేతితో విరిస్తే టప్పున విరగాలి. గ్లాసు నీళ్ళలో వేస్తే కాసేపటికే పొట్టుగా విడిపోవాలి. పొగ వాసన కోసం ఎండిన మామిడి చెక్క పేళ్ళు చిన్న ఇనప డబ్బాలో వేసి ప్లేటు మీద పెట్టండి. జామ కూడా బాగుంటుంది.

నిల్వ దగ్గర జాగ్రత్త. సముద్రం పక్కన బస్తా విప్పి ఉంచితే తేమకి ఉబ్బి పొడి అవుతాయి. ఆ పొడి స్క్రూలో బిగుసుకుంటుంది. మూతగట్టి డ్రమ్ముల్లో పెట్టి, హాపర్‌లో పోసే ముందు బియ్యం జల్లెడ పట్టండి. వర్షాకాలంలో రాత్రి హాపర్‌లో మిగల్చకండి.

విజయనగరం_వైండింగ్:
పెరడు గారు చెప్పింది చదివాక నాకూ అనిపిస్తోంది, మోటారు కంటే ముందు పెల్లెట్లు మార్చి చూడండి.

బొబ్బిలి_వంటిల్లు:
ఒక మాట. డిస్‌ప్లే చూపే అంకెని నమ్మకండి. లోపలి సెన్సార్‌కి మసి పడితే ఆలస్యంగా చూపిస్తుంది. మెత్తని గుడ్డతో తుడిచి, మరుగుతున్న నీళ్ళలో ముంచి చూడండి. మీది సముద్ర మట్టం కాబట్టి 100 దగ్గర చూపాలి. కోడికి విడిగా గుచ్చే థర్మామీటరు కొనండి, తొడ లోపల 74 వచ్చాకే దించండి. గాలికి తాటాకు తడిక కడతారేమో, గ్రిల్‌కి దగ్గరగా వద్దు. రేకు అడ్డు పెట్టండి, పొగ గొట్టం దగ్గర మాత్రం ఖాళీ వదలండి.

కళింగపట్నం_గ్రిల్:
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. చేసిన వరుసలోనే చెప్తాను. మొదట పాత పెల్లెట్లు తీసేసి నిప్పు గిన్నె చూస్తే, గాలి రంధ్రాల్లో సగానికి పైగా గట్టి బూడిద గడ్డలు. మేకుతో పొడిచి తీశాను. చెక్క పెల్లెట్లు వేసిన రోజే ఊగడం 100–125కి తగ్గింది. తర్వాత గాస్కెట్, సిలికాన్, రేకు అడ్డు. ఆ పైన 4 ఎంఎం ప్లేటు, శ్రీకాకుళంలో కోయించాను. ఆఖరున పీ-1.

ఇప్పుడు 110 పెడితే 104–117. గుచ్చే థర్మామీటరుతో కొలిస్తే ఎడమ, కుడి తేడా 45 నుంచి 12కి వచ్చింది. 200 పెడితే 188 దాకా అందుతోంది. మా చేపకి అది చాలు, మోటారు, కంట్రోలర్ రెండూ కొనలేదు. నిన్న రాత్రి పెట్టిన సరుకంతా అయిపోయింది. పెరడు తమ్ముడికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు. నేను ఇన్నాళ్ళు జనానికి ఆ బాయిలర్ పెల్లెట్ల పొగతో పెట్టానన్న బాధ మాత్రం ఉంది.

ఒక్క సందేహం మిగిలింది. మధ్యలో కరెంటు పోతే ఎలా?

విజయనగరం_వైండింగ్:
ఇన్వర్టర్ తప్పనిసరి అన్నయ్యా. ఫ్యాన్ ఆగిపోతే నిప్పు స్క్రూ వెంట వెనక్కి హాపర్ వైపు పాకే ప్రమాదం ఉంది. రాజుకునేటప్పుడు ఆ రాడ్ ఎక్కువ లాగుతుంది గానీ, తర్వాత మోటారుకీ ఫ్యాన్‌కీ కలిపి ఒక బల్బు అంతే. ఇంట్లో వాడే ఇన్వర్టర్ సరిపోతుంది. ప్యూర్ సైన్ వేవ్‌దే తీసుకోండి, స్క్వేర్ వేవ్ మీద ఈ గేర్ మోటార్లు గుంయ్‌మని మోగి వేడెక్కుతాయి. ట్రాన్స్‌ఫార్మర్‌ని ఇన్వర్టర్ తర్వాతే కలపాలి.

కళింగపట్నం_గ్రిల్:
సరే తమ్ముడూ, శనివారం లోపే పెట్టిస్తాను.