క్యాంపస్ రేడియోలో విదేశీ పాటలు, ప్రపంచ సంగతులు: ఎంతవరకు చెప్పొచ్చు?

నమస్తే అండీ. మేం తిరుపతిలో డిగ్రీ చదువుతున్నాం. మా క్యాంపస్ కమ్యూనిటీ రేడియోలో వారానికో అరగంట మాకిచ్చారు. ఒక్కో దేశం పాటలు వేస్తూ, అక్కడి సంగతులు తెలుగులో చెప్పాలని ప్లాన్. మొదటిది పశ్చిమాఫ్రికాలోని మాలి. అక్కడి కోరా అనే వాయిద్యానికి 21 తీగలు, సగం ఎండుసొరకాయ బుర్రకి తోలు బిగించి చేస్తారు. వీణ నేర్చుకున్నవాళ్లు వింటే వదలరు!

చిక్కల్లా మాటల దగ్గరే. కమ్యూనిటీ రేడియోలో సొంతంగా వార్తలు చెప్పకూడదు, ఆకాశవాణి బులెటిన్ ఉన్నదున్నట్టు వేసుకోవచ్చంతే. మరి 2020లో మాలిలో సైన్యం అధికారం లాక్కున్న సంగతి చరిత్రగా చెబితే ఫర్వాలేదా, అదీ వార్తే అంటారా? మా ఇన్‌చార్జి సార్‌కి ఇదే టెన్షన్. ఇలాంటి స్టేషన్లలో పనిచేసినవాళ్లు మీరెలా నెట్టుకొచ్చారో చెప్పండి. అలాగే, విదేశీ జానపద రికార్డింగులు వేయాలంటే అనుమతి ఎవరిని అడగాలి?