ఆర్136ఎ1 తార బరువు సూర్యుడికి ఎన్ని రెట్లు: 320, 265, 215, 196... పోస్టర్ మీద ఏది వేయాలి?

తార్నాక_తార:
డిగ్రీ పిల్లల కోసం పోస్టర్ చేస్తున్నాం. పెద్ద మాగెల్లాన్ మేఘంలో (మన పాలపుంత పక్కనున్న చిన్న గెలాక్సీ) ఆర్136 అనే తారల గుచ్ఛం, అందులో అన్నిటికంటే బరువైన ఆర్136ఎ1. ఒక్కోచోట ఒక్కో అంకె ఉంది, పాత వ్యాసాల్లో అయితే వేల సూర్యులట! ఏది నమ్మాలి? హైదరాబాద్ నుంచి దీన్ని చూపించడం కుదురుతుందా?

వర్ణపటం:
196 వేయండి, పక్కనే 2022 అని కూడా.

320, 265 రెండూ 2010 నాటి ఒకే లెక్కలోవి. మొదటిది పుట్టినప్పటి బరువు, రెండోది ఇప్పటిది. ఆ తేడాని నక్షత్రపు గాలి, అంటే తార నుంచి బయటికి ఎగిరే కణాల ప్రవాహం, ఊడ్చుకుపోయింది.

వేలు ఎలా వచ్చాయంటే, ఆ వెలుగు ముద్దంతా ఒకే తార అనుకున్నారు. 1985లో స్పెకిల్ పద్ధతితో (అతి తక్కువ సేపు తీసిన చాలా చిత్రాలు కలిపి, గాలి వణుకుడు మసకను తీసేయడం) చూస్తే ఎనిమిదిగా విడిపోయింది.

ఆ తర్వాతి తగ్గుదల కథ వేరు. ఇక్కడ తూకం లేదు. వెలుగు కొలిచి, మోడల్‌లో పెట్టి బరువు తీస్తారు. ఇంత వేడి తార కాంతిలో ఎక్కువ భాగం అతినీలలోహితంలో పోతుంది, కంటికి కనిపించే రంగుల్లో దొరికేది తోక మాత్రమే. అందుకే ఉష్ణోగ్రత కొంచెం తప్పితే మొత్తం వెలుగు దాదాపు ఘనం లెక్కన తప్పుతుంది. 2010లో 53,000 కెల్విన్ అన్నది 2020లో 46,000 అయింది. వెలుగు 87 లక్షల సూర్యుల నుంచి 62 లక్షలకు, బరువు 215కి దిగాయి. 2022లో 8.1 మీటర్ల జెమినై సౌత్ టెలిస్కోప్ తీసిన స్పెకిల్ చిత్రాల్లో పక్క తారల వెలుగు ఇంకా శుభ్రంగా విడిపోవడంతో 196.

ఇంకోటి: వోల్ఫ్-రాయె వర్ణపటం (వెడల్పైన మెరిసే గీతలుండేది, మామూలుగా చివరి దశ తారల్లో కనిపించేది) చూసి 'ముసలి తార' అని రాసేయకండి. లోపల ఇంకా హైడ్రోజనే మండుతోంది, వయసు 15 లక్షల ఏళ్ల లోపే ఉండొచ్చు. ఆ గీతలు గాలి జోరు వల్ల.

జంటతార:
పైన చెప్పినదానికి ఒక మెలిక. హబుల్ టెలిస్కోప్ విడదీయగల కోణం సుమారు 0.05 ఆర్క్‌సెకండ్ (డిగ్రీలో 3,600వ వంతు ఒక ఆర్క్‌సెకండ్). ఆర్136 ఉన్న 1,60,000 కాంతి సంవత్సరాల దూరంలో అది సూర్యుడికి, భూమికి మధ్య దూరానికి 2,500 రెట్లు. అంతకంటే దగ్గరి జంట హబుల్‌కైనా ఒకే చుక్క. 'O' రకం అనే అతి వేడి, భారీ తారల్లో అత్యధికం జంటలే కాబట్టి '196, ఒంటరిదైతే' అనండి.

నిజంగా తూచినది కావాలంటే మన పాలపుంతలోని ఎన్‌జీసీ 3603 గుచ్ఛంలోని ఎ1 తీసుకోండి. 3.77 రోజులకో చుట్టు తిరుగుతూ ఒకదాన్నొకటి అడ్డుకునే గ్రహణ జంట. 2008లో డాప్లర్ వేగాల (వర్ణపట గీతల జరుగుడు చెప్పే వేగాల) నుంచి తేలింది 116, 89 సూర్యులు. పొరపాటు హద్దులు 31, 16. నా ఓటు దీనికే.

దక్షిణ_దిక్కు:
మనది 17.4 డిగ్రీల అక్షాంశం. ఆర్136 దక్షిణాన ఎంత ఎక్కినా దిగంతం మీద మూడున్నర డిగ్రీలే. దుమ్ములో, దీపాల్లో ఆశ వదులుకోండి. భారీ తారలున్న వాయు మేఘం కెరీనా నెబ్యులా మాత్రం ఏప్రిల్ మొదటివారం రాత్రి 10కి 13 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. దక్షిణం వైపు ఊరి వెలుగు లేనిచోట బైనాక్యులర్ చాలు.

ఊళ్లోనే చూపించాలంటే జనవరి సాయంత్రాల్లో ఒరాయన్ నెబ్యులా నడుమనున్న నాలుగు తారల గుంపు ట్రెపీజియం. 4 అంగుళాల టెలిస్కోప్, 100 రెట్లు పెట్టండి, నాలుగు తారలూ విడిపోతాయి. అన్నిటికంటే మెరిసేది తీటా-1 సి, 30 సూర్యులకు పైమాటే. అదీ జంటే!